ఎలక్ట్రాన్ అయినా ప్రోటాన్ అయినా అదే వంపు: ప్లేట్లకి బరువు ఎందుకు తెలియదు

ఇంటర్‌లో ఫిజిక్స్ చదివిన వాళ్లకి ఈ ప్రశ్న ఏదో ఒక రూపంలో తగిలే ఉంటుంది. ఒక ప్రోటాన్, ఒక డ్యూటరాన్ (ఒక ప్రోటాన్, ఒక న్యూట్రాన్ కలిసినది), ఒక ఆల్ఫా కణం (హీలియం కేంద్రకం). మూడింటినీ కదలకుండా ఉన్న చోటి నుంచి ఒకే 2000 వోల్టుల తేడాతో తోసి, ఆ ఊపులోనే రెండు సమాంతర లోహపు ప్లేట్ల మధ్యలోకి పంపితే ఏది ఎక్కువ పక్కకి మళ్లుతుంది? "ప్రోటాన్, తేలిక కదా" అని కొందరంటారు, "ఆల్ఫా, దానికి ఛార్జ్ రెట్టింపు కదా" అని ఇంకొందరంటారు. నిజానికి మూడూ ఒకే గీత మీద పోతాయి. ఎలక్ట్రాన్‌ని కూడా అంతే వోల్టేజితో, ప్లస్ మైనస్‌లు తారుమారు చేసి తోసి పంపితే అదీ అంతే వంగుతుంది, కాకపోతే అవతలి ప్లేటు వైపుకి. ఎలక్ట్రాన్ కంటే ప్రోటాన్ 1836 రెట్లు బరువు, అయినా తెర మీద చుక్క పడే దూరంలో తేడా ఉండదు.

పరీక్షలో ఇది ఒక మార్కు ప్రశ్న, ఆప్షన్ టిక్కు పెట్టి ముందుకెళ్లిపోతారు. కానీ విద్యుత్ క్షేత్రం కదిలే కణాన్ని ఎలా మళ్లిస్తుందన్న విషయంలో అసలు కీలకం ఇక్కడే ఉంది. ఎలక్ట్రాన్‌ని కనిపెట్టడానికి అయస్కాంతం ఎందుకు కావాల్సి వచ్చింది, పాత టీవీలో రాగి చుట్లూ, సిగ్నల్‌ని తెర మీద గీతగా చూపే సీఆర్ఓ అనే ల్యాబ్ పరికరంలో ప్లేట్లూ ఎందుకు వాడారు, ఇవన్నీ ఆ ఒక్క మార్కు జవాబులోంచే వస్తాయి.

మొదట బలం సంగతి. రెండు ప్లేట్లు, ఒకటి ప్లస్, ఒకటి మైనస్. వాటి మధ్య వోల్టేజిని వాటి ఎడంతో భాగిస్తే వచ్చేది క్షేత్రం, అంచులు వదిలేస్తే అది లోపలంతా దాదాపు ఒకేలా ఉంటుంది. దాన్ని కణం ఛార్జ్‌తో గుణిస్తే బలం. ఇందులో వేగం ఎక్కడా లేదు. కణం కదలకుండా ఉన్నా, సెకనుకి వేల కిలోమీటర్లు పోతున్నా దాని మీద అదే బలం, అదే దిశలో. అయస్కాంత బలం అలా కాదు, వేగంతో పాటు పెరుగుతుంది, కదలని ఛార్జ్‌ని అసలు పట్టించుకోదు, పైగా కణం ఎటు తిరిగితే అదీ అటు తిరుగుతూ ఎప్పుడూ లంబంగానే ఉంటుంది.

మరి వేగంగా వచ్చే కణం తక్కువ ఎందుకు వంగుతుంది? బలం తగ్గినందుకు కాదు, ప్లేట్ల మధ్య అది గడిపే సమయం తగ్గినందుకు. ఇక్కడ వేగం రెండు సార్లు దెబ్బ కొడుతుందన్నది గమనించాలి. వేగం రెట్టింపైతే లోపలుండే సమయం సగమవుతుంది కాబట్టి పక్కకి సంపాదించే వేగం సగమవుతుంది, అది ఒకటి. కానీ వంపు అంటే పక్క వేగాన్ని ముందు వేగంతో భాగించగా వచ్చేది, ఆ ముందు వేగం రెట్టింపై కూర్చుంది, అది రెండు. కాబట్టి వంపు నాలుగో వంతుకి పడిపోతుంది. మేడ మీద నుంచి అడ్డంగా విసిరిన బంతిలాగే లోపల దారి పరావలయం, ముందుకి పోయే వేగం అలాగే ఉంటుంది, పక్కకి మాత్రం క్షణక్షణానికి వేగం పెరుగుతుంది.

అంకెలు వేసి చూస్తేనే దీని తీరు బోధపడుతుంది. 2000 వోల్టులతో తోసిన ఎలక్ట్రాన్ వేగం సెకనుకి సుమారు 2.65 కోట్ల మీటర్లు, అంటే కాంతి వేగంలో పదకొండో వంతు కంటే కాస్త తక్కువ. ప్లేట్లు 2 సెంటీమీటర్ల పొడవు, వాటి మధ్య ఎడం అర సెంటీమీటరు, వాటికి ఇచ్చింది 50 వోల్టులు అనుకుందాం. క్షేత్రం మీటరుకి 10,000 వోల్టులు. దాని వల్ల ఎలక్ట్రాన్‌కి వచ్చే త్వరణం 1.76 × 10¹⁵ మీటర్లు/సెకను². గురుత్వ త్వరణం 9.8 పక్కన పెట్టి చూస్తే ఇది దాదాపు 180 లక్షల కోట్ల రెట్లు. ఇంత భయంకరమైన త్వరణం ఉన్నా ఆ 2 సెంటీమీటర్లు దాటడానికి దానికి పట్టే సమయం 0.75 నానోసెకన్లే, అందుకని ప్లేట్ల లోపల అది పక్కకి జరిగేది అర మిల్లీమీటరు. అంతే.

అర మిల్లీమీటరు కంటికి ఆనదు. తెర మీద చుక్క సెంటీమీటర్ల కొద్దీ జరగడం ఎలా మరి? ప్లేట్లు దాటాక జరిగే ప్రయాణం వల్ల. బయటికొచ్చేసరికి దాని దారి ప్రతి 20 పాళ్లు ముందుకి 1 పాలు పక్కకి వాలి ఉంటుంది. అక్కడి నుంచి దాన్ని నెట్టేవాళ్లు ఎవరూ లేరు, ఆ వాలులోనే సూటిగా పోతుంది. ప్లేట్ల నడిమి నుంచి 20 సెంటీమీటర్ల దూరంలో తెర ఉంటే చుక్క సరిగ్గా 1 సెంటీమీటరు పక్కన పడుతుంది. ఆ సూటి గీతని వెనక్కి పొడిగిస్తే అది ప్లేట్ల పొడవుకి సరిగ్గా మధ్యలో అసలు దారిని తాకుతుంది, అక్కడే ఒక్కసారిగా విరిగినట్టు. పరావలయం గుణమే అది, లెక్కల్లో దూరాన్ని ప్లేట్ల అంచు నుంచి కాకుండా నడిమి నుంచి కొలవడం అందుకే. ఈ ప్రయాణం మొత్తంలో, అంటే దాదాపు 8 నానోసెకన్లలో, గురుత్వం ఎలక్ట్రాన్‌ని కిందకి లాగే దూరం సుమారు 3 × 10⁻¹⁶ మీటర్లు. ప్రోటాన్ వ్యాసార్ధం కంటే తక్కువ. గురుత్వాన్ని వదిలేద్దాం అని పుస్తకాల్లో ఊరికే రాయరు.

ఇప్పుడు మొదటి ప్రశ్నకి. కణానికి వేగం ఎక్కడి నుంచి వచ్చింది? 2000 వోల్టుల నుంచి. ఛార్జ్ ఎక్కువుంటే ఆ తోపులో శక్తి ఎక్కువొస్తుంది, ఎంత ఛార్జ్ ఉంటే అంత ఎక్కువ. అంటే మొదటి తోపులో ఛార్జ్ కణాన్ని మళ్లించడం కష్టం చేస్తుంది, తర్వాత ప్లేట్ల మధ్య అదే ఛార్జ్ మళ్లించడం తేలిక చేస్తుంది, రెండూ సరిగ్గా కొట్టేసుకుంటాయి. ద్రవ్యరాశి కథా అంతే. బరువైన కణం పక్కకి నెమ్మదిగా కదులుతుంది నిజమే, కానీ అదే బరువు వల్ల ముందుకీ నెమ్మదిగానే వస్తుంది, కాబట్టి ప్లేట్ల మధ్య ఎక్కువసేపు ఉంటుంది. లెక్కంతా చేస్తే మిగిలేది ఇది:

వంపు = (ప్లేట్ల వోల్టేజి × ప్లేటు పొడవు) ÷ (2 × ప్లేట్ల ఎడం × తోసిన వోల్టేజి)

ఛార్జ్ లేదు, ద్రవ్యరాశి లేదు. కొలతలు పక్కన పెడితే రెండు వోల్టేజిల నిష్పత్తి తప్ప ఏమీ లేదు. అందుకని నా దృష్టిలో దీన్ని చెప్పాల్సిన సరైన పద్ధతి ఇది: స్థిరమైన విద్యుత్ క్షేత్రం కణం ఎవరని అడగదు, ఎన్ని వోల్టుల ఊపుతో వచ్చావని మాత్రమే అడుగుతుంది. ఒక ఛార్జ్‌కి ఎంత గతిజశక్తి ఉందన్నదే దానికి తెలిసే విషయం. ఎలక్ట్రాన్‌కీ ప్రోటాన్‌కీ మారేది ఆ దారిలో పోవడానికి పట్టే సమయం, దారి కాదు. పాఠ్యపుస్తకాలు బలం నుంచి మొదలుపెట్టి సూత్రం దాకా వచ్చి అక్కడే ఆపేస్తాయి, ఈ మాట విడిగా చెప్పవు. చెబితే తర్వాత పాఠాలు సగం తేలికవుతాయి.

చరిత్రలో ఇది ఎంత ముఖ్యమైందో చూడాలంటే 1897 నాటి కేంబ్రిడ్జ్‌కి, కావెండిష్ ప్రయోగశాలకి వెళ్లాలి. గాలి తీసేసిన గాజు గొట్టంలో మైనస్ ధ్రువం నుంచి వచ్చే కాథోడ్ కిరణాలు కణాలా, తరంగాలా అన్నది అప్పటి తగువు. అంతకుముందు 1883లో హైన్రిష్ హెర్ట్జ్ ఆ కిరణాల దారిలో ప్లేట్లు పెట్టి వోల్టేజి ఇచ్చి చూశాడు, కిరణం కదల్లేదు. ఛార్జ్ ఉంటే మళ్లాలి కదా, మళ్లలేదు కాబట్టి ఇవి ఛార్జ్ ఉన్న కణాలు కావు అన్నాడు. వాదనలో తప్పు లేదు, గొట్టంలో ఉంది. లోపల మిగిలిన గాలి అణువులని కిరణాలు విడగొట్టి అయాన్లుగా మారుస్తున్నాయి, ఆ అయాన్లు వెళ్లి ప్లేట్ల దగ్గర పేరుకుని, మధ్యలో క్షేత్రం లేకుండా చేసేస్తున్నాయి. ప్లేట్ల మీద వోల్టేజి ఉంది, కిరణం ఉన్న చోట క్షేత్రం లేదు.

జె.జె. థామ్సన్‌కి కూడా మొదట అదే ఫలితం వచ్చింది. తర్వాత గాలిని ఇంకా బాగా తీసేశాడు. అప్పుడు 5 సెంటీమీటర్ల పొడవు, 1.5 సెంటీమీటర్ల ఎడం ఉన్న అల్యూమినియం ప్లేట్లకి 2 వోల్టులు ఇచ్చినా కిరణం కదలడం కనిపించింది. హెర్ట్జ్ లాంటి మేధావికి కనిపించనిది ఇతనికి కనిపించడానికి కారణం మెరుగైన శూన్యం, కొత్త సిద్ధాంతం ఏమీ కాదు. ప్రయోగ భౌతికశాస్త్రం మీద గౌరవం పెరగడానికి ఈ ఒక్క ఉదాహరణ చాలు.

కానీ కిరణం మళ్లిందని తెలిస్తే సరిపోతుందా? ప్లేట్ల వంపు నుంచి థామ్సన్‌కి తెలిసేది ఛార్జ్ మైనస్ అని, దాని వెనక ఇంత శక్తి ఉందని. ఆ శక్తి తేలికైన కణం చాలా వేగంగా పోవడం వల్ల వచ్చిందా, బరువైన కణం నెమ్మదిగా పోవడం వల్ల వచ్చిందా అన్నది ప్లేట్లు చెప్పలేవు. అందుకే అయస్కాంతం కావాల్సి వచ్చింది. అయస్కాంతం వల్ల వచ్చే వంపు ద్రవ్యవేగం మీద ఆధారపడుతుంది, విద్యుత్ వంపు శక్తి మీద ఆధారపడుతుంది, రెండు వంపులనీ సమానం చేసి పోల్చితే వేగం నేరుగా తేలుతుంది, క్షేత్రాన్ని అయస్కాంత క్షేత్రంతో భాగిస్తే చాలు. ఆయన కొలతల్లో ఒక వరస తీసుకుంటే క్షేత్రం మీటరుకి 15,000 వోల్టులు, వంపు 110 పాళ్లకి 8, వేగం సెకనుకి 2.8 కోట్ల మీటర్లు. వాటి నుంచి వచ్చిన ఛార్జ్‌-ద్రవ్యరాశి నిష్పత్తి ఇప్పుడు మనకి తెలిసిన 1.76 × 10¹¹ కూలంబ్/కిలోగ్రాములో సగం కంటే కూడా కొంచెం తక్కువే. అయినా పర్వాలేదు, హైడ్రోజన్ అయాన్‌తో పోలిస్తే అది వందల రెట్లు పెద్దది. గొట్టంలో ఏ వాయువు నింపినా, ఏ లోహం వాడినా దాదాపు అదే అంకె వచ్చింది. అణువు కంటే చిన్నదేదో అన్ని పదార్థాల్లోనూ ఉందని లోకానికి తెలిసింది ఆ అంకెతోనే.

ఆ తర్వాత కూడా ఆయన ఈ జంటని వదల్లేదు. ఈసారి ప్లస్ అయాన్ల మీద, విద్యుత్, అయస్కాంత క్షేత్రాలు రెండూ ఒకే దిశలో పెట్టి. అప్పుడు ఒక వంపు నిలువుగా, ఇంకొకటి అడ్డంగా వస్తాయి. గొట్టంలో అయాన్లన్నీ ఒకే వేగంతో రావు, కాబట్టి ప్లేట్లు మాత్రమే ఉంటే ఫోటో ప్లేటు మీద ఒక అలుకుడు గీత తప్ప ఏమీ కనపడదు. రెండూ కలిస్తే ఒకే ఛార్జ్-ద్రవ్యరాశి నిష్పత్తి ఉన్నవన్నీ, వేగం ఏదైనా సరే, ఒకే పరావలయం మీదకి వచ్చి చేరతాయి. 1912లో నియాన్‌తో చూస్తే ఒకటి పడాల్సిన చోట రెండు పరావలయాలు పడ్డాయి, ఒకటి పరమాణు భారం 20 దగ్గర, సన్నగా ఇంకొకటి 22 దగ్గర. రేడియోధార్మికత లేని మూలకంలో ఐసోటోపులు, అంటే ఒకే మూలకానికి చెందిన వేరువేరు బరువుల పరమాణువులు, కనపడటం అదే మొదటిసారి. నియాన్ పరమాణు భారం 20.2 అని వింతగా ఎందుకుంటుందన్నదానికి ఆధారం అక్కడే దొరికింది.

ఇక్కడ ఒక చిక్కుముడి ఉంది, పుస్తకాల్లో పెద్దగా కనపడదు కానీ ఆలోచించదగ్గది. మన 2000 వోల్టుల ఎలక్ట్రాన్‌నే తీసుకుందాం. ప్లేట్లకి +25, −25 వోల్టులు ఇచ్చామనుకుంటే నడిమి గీత సున్నా దగ్గర ఉంటుంది. ఎలక్ట్రాన్ అర మిల్లీమీటరు ప్లస్ ప్లేటు వైపు జరిగింది, అంటే +5 వోల్టుల చోటికి చేరింది, కాబట్టి దాని గతిజశక్తి 2000 నుంచి 2005 ఎలక్ట్రాన్ వోల్టులు అయింది (ఎలక్ట్రాన్ ఒక వోల్టు తేడా దాటితే వచ్చే శక్తి ఒక ఎలక్ట్రాన్ వోల్టు). బాగానే ఉంది. కానీ ప్లేట్లు దాటాక చుట్టూ ఉన్న ప్రాంతం మళ్లీ సున్నా వోల్టుల దగ్గరే ఉంది. సున్నా నుంచి బయలుదేరి సున్నాకి చేరినప్పుడు స్థిర విద్యుత్ క్షేత్రం అదనంగా ఒక్క ఎలక్ట్రాన్ వోల్టు కూడా ఇవ్వకూడదు. మరి ఆ 5 ఏమైనట్టు?

ప్లేట్ల అంచులు తీసేసుకున్నాయి. బొమ్మల్లో క్షేత్ర రేఖలని ప్లేట్ల చివర కత్తితో కోసినట్టు ఆపేస్తారు, అలా ఆగడం అసాధ్యం, అవి బయటికి ఉబ్బి ఉంటాయి. ప్లస్ ప్లేటుకి దగ్గరగా బయటికొస్తున్న ఎలక్ట్రాన్‌ని ఆ ప్లేటు అంచు వెనక్కి గుంజుతుంది. పక్క వేగం అలాగే ఉండి ముందు వేగం 0.125 శాతం తగ్గుతుంది, లెక్క సరిపోతుంది. అంటే "ముందుకి పోయే వేగం మారదు" అని చదువుకున్నది ప్లేట్ల లోపల నిజం, మొత్తం ప్రయాణానికి నిజం కాదు. ఈ ఉబ్బు వల్ల ఇంకో పని కూడా జరుగుతుంది, ప్లేట్లు అసలు పొడవు కంటే కాస్త పొడుగ్గా ఉన్నట్టు పనిచేస్తాయి. కచ్చితంగా కొలిచే పరికరాలు తయారుచేసేవాళ్లు ఈ అంచుల లెక్క వేయకుండా ముందుకి పోలేరు.

ఇంజనీరింగ్ కాలేజీ ల్యాబుల్లో ఆకుపచ్చ చుక్కతో కనిపించే పాత సీఆర్ఓ ఈ సూత్రం మొత్తానికీ కళ్లముందున్న రూపం. రెండు జతల ప్లేట్లు, ఒకటి నిలువుకి, ఒకటి అడ్డానికి. ప్లేట్ల వోల్టేజి రెట్టింపైతే చుక్క సరిగ్గా రెట్టింపు దూరం జరుగుతుంది, అందుకే తెర మీద గళ్లు లెక్కపెట్టి వోల్టులు చెప్పేయొచ్చు. దాని ముందు ప్యానెల్ మీద స్క్రూడ్రైవర్‌తో తిప్పే చిన్న సర్దుబాటు ఒకటి ఉంటుంది, ట్రేస్ రొటేషన్ అని రాసి. అదెందుకో చాలామంది పట్టించుకోరు. భూమి అయస్కాంత క్షేత్రం కోసం. మన దగ్గర అది సుమారు 4 × 10⁻⁵ టెస్లా, చాలా చిన్నది, కానీ 2.65 కోట్ల మీటర్ల వేగంతో పోయే ఎలక్ట్రాన్‌కి అది మీటరుకి 1000 వోల్టులకి పైగా ఉన్న విద్యుత్ క్షేత్రంతో సమానం. ప్లేట్లు దారిలో 2 సెంటీమీటర్ల మేరే నెడతాయి, భూమి మాత్రం దారి పొడవునా నెడుతూనే ఉంటుంది. దిశ కలిసొస్తే 20 సెంటీమీటర్లలో చుక్క అర సెంటీమీటరు జరిగిపోతుంది. అందుకే గొట్టం చుట్టూ అయస్కాంత కవచం చుడతారు, అయినా మిగిలిపోయే కొంచెం వంకరని ఆ స్క్రూతో సరిచేస్తారు. సీఆర్ఓని ఒక బల్ల మీద నుంచి ఇంకో బల్ల మీదకి మార్చి వేరే దిక్కుకి తిప్పినప్పుడు గీత కాస్త వాలడం అందుకే.

అయితే పాత పిక్చర్ ట్యూబ్ టీవీల్లో ప్లేట్లు లేవు, మెడ దగ్గర రాగి చుట్లు ఉంటాయి. ఎందుకు? పై సూత్రమే చెబుతుంది. కలర్ టీవీలో తోసే వోల్టేజి 25,000 దాకా ఉంటుంది, వెలుగు బాగా రావాలంటే అంత కావాలి. గొట్టం పొట్టిగా ఉండాలంటే కిరణం పక్కకి 45 డిగ్రీల దాకా వంగాలి. అంత వంగేటప్పుడు కిరణం ప్లేటుకే తగిలేయకుండా ఎడం పెంచాలి, ఎడం పెంచితే క్షేత్రం తగ్గుతుంది, మళ్లీ వోల్టేజి పెంచాలి. ఆ రెండు షరతులూ కలిపి లెక్కేస్తే ప్లేట్లకి తోసిన వోల్టేజికి రెట్టింపు, అంటే 50,000 వోల్టులు కావాలని వస్తుంది, దాన్ని సెకనుకి 15,625 సార్లు అటూ ఇటూ ఊపాలి. ఇళ్లల్లో పెట్టుకునే పెట్టెలో అది కుదిరే పని కాదు. అయస్కాంతానికి ఈ గొడవ లేదు, వోల్టేజి 2000 నుంచి 25,000కి పెరిగితే విద్యుత్ వంపు 12.5 రెట్లు తగ్గుతుంది, అయస్కాంత వంపు మూడున్నర రెట్లే తగ్గుతుంది.

సీఆర్ఓకి కావాల్సింది పెద్ద వంపు కాదు, చురుకుదనం. చుట్టలో కరెంటుని క్షణంలో మార్చడం కష్టం, ప్లేట్ల మీద వోల్టేజి మార్చడం తేలిక. దానికీ ఒక హద్దు ఉంది. ఎలక్ట్రాన్ ప్లేట్ల మధ్య ఉండే ఆ 0.75 నానోసెకన్లలోనే సిగ్నల్ ఒక పూర్తి ఆవృత్తం తిరిగేస్తే సగం సేపు ఇటు, సగం సేపు అటు నెట్టి నికరంగా ఏమీ నెట్టనట్టే అవుతుంది. మన కొలతలకి అది 1.3 గిగాహెర్ట్జ్ దగ్గర. అందుకే బాగా వేగవంతమైన వాటిలో ప్లేట్లని ముక్కలు చేసి, సిగ్నల్ కూడా ఎలక్ట్రాన్‌తో పాటే అదే వేగంతో ముక్క నుంచి ముక్కకి జరిగేలా కట్టేవారు.

పెద్ద కణ త్వరణకాల్లో మాత్రం మళ్లింపు పని ప్రధానంగా అయస్కాంతాలదే. దాదాపు కాంతి వేగంతో పోయే కణానికి 1 టెస్లా అంటే మీటరుకి 30 కోట్ల వోల్టుల క్షేత్రంతో సమానం. మామూలు గాలిలో మీటరుకి 30 లక్షల వోల్టులు దాటితే మెరుపు కొట్టేస్తుంది, మంచి శూన్యంలో కూడా ప్లేట్ల మధ్య అంతకి కొన్ని రెట్లు తప్ప నిలవదు. జెనీవా దగ్గర ఎల్‌హెచ్‌సీ (లార్జ్ హాడ్రాన్ కొలైడర్) అనే త్వరణకంలో అయస్కాంతాలు 8.3 టెస్లావి, వాటి పని ప్లేట్లు చేయాలంటే మీటరుకి 250 కోట్ల వోల్టులు కావాలి.

ప్లేట్లు లేని చోట కూడా వోల్టుల లెక్క మారదు. 1909లో మాంచెస్టర్‌లో గైగర్, మార్స్‌డెన్ సన్నటి లోహపు రేకు మీదకి ఆల్ఫా కణాలు వదిలి చూస్తే కొన్ని వెనక్కి తిరిగొచ్చాయి, 1911లో రూథర్‌ఫోర్డ్ దానికి కారణం చెప్పాడు. ఇక్కడ క్షేత్రం ఒకేలా ఉండదు, దగ్గరకి పోయేకొద్దీ పెరుగుతుంది, దారి పరావలయం కాదు, అతిపరావలయం. అయినా సూత్రంలో ఆల్ఫా ద్రవ్యరాశి విడిగా ఉండదు, శక్తి మాత్రమే ఉంటుంది. 77 లక్షల ఎలక్ట్రాన్ వోల్టుల ఆల్ఫాకి ఛార్జ్ 2, కాబట్టి అది 38.5 లక్షల వోల్టుల ఊపుతో వచ్చినట్టు. బంగారం కేంద్రకం చుట్టూ పొటెన్షియల్ సరిగ్గా 38.5 లక్షల వోల్టులు ఉండే దూరం దాదాపు 3 × 10⁻¹⁴ మీటర్లు, సూటిగా వచ్చిన ఆల్ఫా అక్కడే ఆగి వెనక్కి తిరుగుతుంది. ఆ దూరంలో సగం పక్కకి గురి తప్పితే 90 డిగ్రీలు మళ్లుతుంది. అణువు సైజు దీనికి వేల రెట్లు కాబట్టి ఎక్కువ ఆల్ఫాలు ఆ కేంద్రకం ఉందన్న సంగతే తెలియకుండా దాటిపోతాయి.

కణానికి వేగం వోల్టేజి వల్ల కాకుండా ఇంకేదో విధంగా వస్తే మాత్రం ద్రవ్యరాశి మళ్లీ లెక్కలోకి వస్తుంది. నీళ్ల బాటిల్ మీద, మందుల డబ్బా మీద చుక్కలు చుక్కలుగా ఎమ్మార్పీ, తేదీ ముద్రించి ఉంటాయి చూడండి, చాలావరకు అది కంటిన్యువస్ ఇంక్‌జెట్ పని. 1960లలో స్టాన్‌ఫర్డ్‌లో రిచర్డ్ స్వీట్ దీన్ని రూపొందించాడు. పంపు ఒత్తిడితో ఇంకు సన్నటి ధారగా వచ్చి బిందువులుగా తెగుతుంది, తెగే క్షణంలో ఒక్కో బిందువుకి ఎంత కావాలంటే అంత ఛార్జ్ ఇస్తారు, తర్వాత కొన్ని వేల వోల్టుల ప్లేట్ల మధ్య నుంచి పంపుతారు. ఇక్కడ క్షేత్రం మారదు, ఛార్జ్ మారుతుంది. 0.1 మిల్లీమీటరు బిందువు, సెకనుకి 20 మీటర్ల వేగం, మీటరుకి 10 లక్షల వోల్టుల క్షేత్రం అనుకుని లెక్కేస్తే, 2 సెంటీమీటర్ల ప్లేట్లలో మన ఎలక్ట్రాన్‌కి వచ్చిన 20కి 1 వాలే దీనికీ రావాలంటే ఆ బిందువులో సుమారు 30 లక్షల ఎలక్ట్రాన్ల ఛార్జ్ ఉండాలి. బిందువు కాస్త పెద్దదైతే వంపు తగ్గి అక్షరం వంకరపోతుంది, కాబట్టి ఈ యంత్రంలో బిందువులన్నీ ఒకే సైజులో తెగడం ప్రాణం లాంటిది. ఛార్జ్ ఇవ్వని బిందువులు సూటిగా పోయి ఒక చిన్న గొట్టంలో పడి మళ్లీ ట్యాంకులోకి చేరతాయి.

చివరిగా గాలిలో జరిగే మళ్లింపు, ఇది తెలుగు రాష్ట్రాల్లో రోజూ టన్నుల లెక్కన జరిగేది. రామగుండం, ఇబ్రహీంపట్నం, సింహాద్రి లాంటి బొగ్గు విద్యుత్ కేంద్రాల్లో బాయిలర్‌కీ పొగ గొట్టానికీ మధ్య ఈఎస్‌పీలు (ఎలక్ట్రోస్టాటిక్ ప్రెసిపిటేటర్లు, పొగలోంచి బూడిదని పట్టేవి) ఉంటాయి. బూడిద కలిసిన పొగ పెద్ద పెద్ద ప్లేట్ల మధ్య నుంచి పోతుంది, మధ్యలో వేలాడే తీగలకి పదుల వేల మైనస్ వోల్టులు ఇస్తారు, తీగ చుట్టూ పుట్టే ఛార్జ్‌లు బూడిద రేణువులకి అంటుకుని వాటిని ప్లేట్ల వైపు మళ్లిస్తాయి. ఇక్కడ పరావలయం వెతక్కూడదు. గాలి అడ్డుపడటంతో రేణువు త్వరణం ఎక్కడికక్కడ ఆగిపోయి, పక్కకి ఒక స్థిరమైన నెమ్మది వేగంతో జరుగుతుంది, సెకనుకి 10 సెంటీమీటర్ల లాంటిది. పొగ ముందుకి సెకనుకి 1 మీటరు పోతోందనుకుంటే, తీగ నుంచి ప్లేటు 20 సెంటీమీటర్లు ఉంటే, రేణువు ప్లేటు చేరేలోపు పొగ 2 మీటర్లు ముందుకి పోతుంది. పైగా లోపల సుడులు, ప్లేటుకి దగ్గరైన రేణువులని మళ్లీ మధ్యలోకి కలిపేస్తుంటాయి. దాంతో 2 మీటర్లలో చిక్కేది 63 శాతమే, 10 మీటర్లు ఉంటే 99.3 శాతం, ఎంత పొడిగించినా నూరు శాతం రాదు. ఈఎస్‌పీలు ఇళ్లంత పెద్దవిగా ఎందుకుంటాయో ఈ లెక్కే చెబుతుంది. ప్లేట్లకి అంటిన బూడిదని సుత్తులతో కొట్టి కింద హాపర్లలోకి రాలుస్తారు.

ఇక్కడ సైజు ఎటు తిరిగిందో చూడాలి. పెద్ద రేణువు మీద ఛార్జ్ దాని వ్యాసం వర్గంతో పెరుగుతుంది, గాలి అడ్డు వ్యాసంతో మాత్రమే పెరుగుతుంది, అందుకని పెద్దవే త్వరగా ప్లేటు చేరతాయి. శూన్యంలో బరువు అసలు లెక్కలోకే రాలేదు, గాలిలోకి వచ్చేసరికి సైజే అంతా నిర్ణయిస్తోంది. అన్నిటికంటే ఎక్కువ వాటా తప్పించుకునేవి 0.1 నుంచి 1 మైక్రాన్ మధ్య రేణువులు, ఛార్జ్ తక్కువ, జరిగే వేగం తక్కువ. ఊపిరితిత్తుల్లో లోతుకి పోయే ధూళిలో ఆ సైజు కూడా ఉంది. విద్యుత్ కేంద్రం దగ్గర మొత్తం ఎన్ని శాతం బూడిద ఆపారన్న అంకె ఒక్కటే అడిగితే అందుకే చాలదు, ఏ సైజు రేణువులో ఎంత ఆపారన్నది కూడా అడగాలి.